తాడు తెగింది గానీ ఇంజను అందుకుంది

ఫ్రిస్కో, టెక్సస్
భోగి రాత్రి

ఒరేయ్ సుబ్బూ,

మొన్న ఫోన్లో "నీ బొమ్మ కారు స్టార్టయిందా, ఇంకా దండం పెడుతున్నావా?" అని నవ్వావు చూడు, దానికి జవాబు ఇది. అయింది. ఎలా అయిందో ఫోన్లో చెప్తే మధ్యలో అడ్డం పడతావని ఉత్తరం రాస్తున్నా.

ఇది రిమోట్‌తో నడిచే బొమ్మ బగ్గీ, కానీ లోపల నిజం ఇంజనే. బండి పాతదే, ఎవరో వాడి అమ్మేసింది. ఇంజను మాత్రం సరికొత్తది, 3.5 సీసీ. మీ నాన్నగారి చేతక్ 145 సీసీ కదా, దాంట్లో దాదాపు నలభయ్యో వంతు. అదీ టూ స్ట్రోకే. అరచేతిలో పట్టేస్తుంది గానీ జోరందుకుంటే నిమిషానికి 30 వేల చుట్లు తిరుగుతుంది. స్పార్క్ ప్లగ్ ఉండదురా దీనికి, గ్లో ప్లగ్ ఉంటుంది. లోపల ప్లాటినం కలిసిన సన్నటి తీగచుట్ట. మొదట చిన్న బ్యాటరీ తగిలించి దాన్ని ఎర్రగా కాలుస్తాం. ఇంజను అందుకున్నాక బ్యాటరీ పీకేసినా అది చల్లారదు. లోపల మండే వేడి ఒకటి, ఇంధనంలోని మిథనాల్ ఆవిరి ప్లాటినానికి తగిలినప్పుడు పుట్టే వేడి ఇంకొకటి. ఈ ముక్క తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదంటే నమ్ము.

ఇక్కడ భోగిమంట వేస్తే ఫైరింజను వచ్చేస్తుంది. మంట లేకపోతే పోయె, పొగైనా పెడదామని పొద్దున్నే గరాజ్ తలుపెత్తి కూర్చున్నా. బయట 4 డిగ్రీలు. ట్యాంకు నింపి, ఇంజను స్టార్ట్ చేసే తాడు లాగితే కదల్దే! పిస్టన్ పైకొచ్చేసరికి టక్కున పట్టేస్తోంది. కొత్త ఇంజను పట్టేయడమేంట్రా దేవుడా అని గుండె జారిపోయింది.

తీరా చూస్తే, అది అలాగే ఉండాలట. పిస్టన్ అల్యూమినియం, అది పైకీ కిందికీ ఆడే గొట్టం, అంటే లైనర్, ఇత్తడి, లోపల క్రోమ్ పూత. లైనర్‌ను పైకి పోయేకొద్దీ వెంట్రుకవాసి సన్నగా చేస్తారు. ఇంజను వేడెక్కితే ఇత్తడి వ్యాకోచించి పిస్టన్‌కు సరిగ్గా సరిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు మాత్రం పీకమీద కూర్చున్నట్టే. 4 డిగ్రీల చలిలో నేను లాగింది ఆ బిగువుని.

ఇది తెలియక ముందు చేసిన ఘనకార్యం విను. సైలెన్సర్ గొట్టానికి వేలు అడ్డం పెట్టి రెండుసార్లు లాగితే ఇంధనం కార్బ్యురేటర్‌కి ఎక్కుతుంది. మీ నాన్నగారు చేతక్‌ని పక్కకి వంచి కిక్ కొట్టేవారే, అలాంటిదన్నమాట. రెండుసార్లు చాలు. నేను పదిసార్లు లాగా. లోపలంతా నిండిపోయి తాడు రాయిలా బిగిసింది. మనకి పౌరుషం కదా, కాలు తొక్కిపెట్టి ఒక్క గుంజు గుంజా. పిడి నా చేతిలో ఉంది, తాడు లోపలికి పోయింది.

స్టార్టర్ విప్పి, మిగిలిన తాడుకే ముడేసి బిగించేసరికి గంటన్నర. ప్లగ్ తీసి, బండిని తలకిందులు చేసి, గుడ్డ అడ్డం పెట్టకుండా లాగా. ఫుచ్చుమని మొహం మీద పడింది. కళ్ళజోడు ఉంది కాబట్టి సరిపోయింది. మిథనాల్ విషం, కళ్ళు పోగొడుతుంది. దాని మంట ఎండలో కనపడను కూడా కనపడదు. పిల్లల్ని అందుకే దగ్గరికి రానివ్వలేదు.

ఆ వాసన ఏంటో తెలుసా? ఆముదం! ఈ ఇంధనంలో ఆయిల్ కలిపే ఉంటుంది, నా డబ్బాలో దాంట్లో కొంత ఆముదమే. టెక్సస్ చలిలో మా నాయనమ్మ ఆదివారం పొద్దున నా మాడు మీద అరచేత్తో కొట్టినట్టయింది.

ఈసారి బుద్ధిగా ట్యాంకు ఖాళీ చేసి, తడంతా తుడిచి, ఆరనిచ్చి, మా ఆవిడ హెయిర్ డ్రయ్యర్ తెచ్చి ఇంజనుకు పట్టా. ఇంజను పైభాగం, అంటే హెడ్, 70 డిగ్రీలకి వచ్చాక తాడు లాగితే వెన్నలా కదిలింది. మళ్ళీ ఇంధనం పోసి, ముందు రిమోట్, తర్వాత బండి ఆన్ చేశా. ఈ వరస తప్పితే బండి మన మాట వినకుండా పరిగెత్తే ప్రమాదముంది. తాడు జానెడు జానెడు లాగా. ఉలుకూ లేదు పలుకూ లేదు. ప్లగ్ తీసి చూస్తే తీగ సిగ్గుపడ్డట్టు కాస్త ఎర్రబడి ఊరుకుంది. బ్యాటరీ చార్జింగే పెట్టలేదు! పొద్దుట్నుంచీ పడ్డ పాట్లలో సగం దీనివల్లే.

చార్జయ్యాక, తీగ నారింజ రంగులో భగభగమంది. మూడో లాగుకి కందిరీగల తుట్టె కదిపినట్టు ఒక్క అరుపు. నీలం పొగ. పక్కింటాయన కిటికీ తెర తీసి చూశాడు. పిల్లలు చప్పట్లు. నాకు మాత్రం చేతులు వణుకుతున్నాయి.

ఇక కొత్త ఇంజన్ని మెల్లగా అలవాటు చేసే రన్నింగ్ సంగతి. చేతక్‌కి బోరు కొట్టించినప్పుడు మెకానిక్ 40 దాటొద్దన్నాడు గుర్తుందా? ఇక్కడ కొందరు కొత్త ఇంజన్ని ట్యాంకులకు ట్యాంకులు కదలకుండా నెమ్మదిగా, చల్లగా తిప్పుతారు. నాకది నచ్చలేదు. చల్లగా ఉంటే పైన ఆ బిగువు అలాగే ఉంటుంది, దెబ్బంతా పిస్టన్‌కి తగిలించిన కనెక్టింగ్ రాడ్‌కే. రిచ్‌గానే పెట్టి, అంటే ఇంధనం ఎక్కువ వెళ్ళేలా చేసి, హెడ్ 90, 100 డిగ్రీల మధ్య ఉండేలా చూసుకున్నా. చక్రాలు నేలకి తగలకుండా ఎత్తి, కాస్త ఎక్సిలరేటర్ ఇచ్చి వదులుతూ ఒక ట్యాంకు. ఖాళీ పార్కింగ్ లాట్‌లో నెమ్మదిగా ఇంకోటి. ట్యాంకు కాగానే పూర్తిగా చల్లారనివ్వాలి, అదీ పిస్టన్ కిందికి దించి. పైన వదిలేస్తే ఆ సన్నటి చోట లైనర్ పిస్టన్ మీద బిగుసుకుంటుంది. గుర్తు కోసం ఫ్లైవీల్ మీద నెయిల్ పాలిష్ చుక్క పెట్టా. అదీ మా ఆవిడదే.

మూడో ట్యాంకు వచ్చే ఆదివారం. నువ్వు మాత్రం మీవాడికి కొంటే ముందు ఆ ప్లగ్ బ్యాటరీ చార్జింగ్ పెట్టు, మిగతావి తర్వాత.

రేపు పండగ తలంట్లు. డ్రయ్యర్ ఇంకా గరాజ్‌లోనే ఉంది. రెండుసార్లు తుడిచినా పిడికి ఆముదం వాసన వదల్లేదు. తను లేవకముందే వెళ్ళి ఇంకోసారి తుడిచి రావాలి.

ఉంటానురా. అమ్మగారికి నమస్కారాలు చెప్పు.

నీ
రవి