జీడి పరిశ్రమలో మార్పు కటింగ్ యంత్రంతో మొదలుపెట్టకండి

సంపాదకులకు,

పలాస–కాశీబుగ్గలో ఒకరిని చూసి ఒకరు ఆటోమేటిక్ కటింగ్ యంత్రాలు కొంటున్నారు. కొనాల్సిందే. పిక్క, అంటే తొక్కతో ఉన్న జీడిగింజ, కొట్టే పనికి కొత్తగా వచ్చేవాళ్లు తగ్గిపోతున్నారు, తొక్కలోంచి కారే జీడి నూనెకు చేతులు కాల్చుకోమని ఆడవాళ్లను అడగడం న్యాయమూ కాదు. అయితే యంత్రం బిగించాక గుండు (విరగని పప్పు) తగ్గి బద్ద (రెండుగా చీలిన పప్పు), ముక్క పెరిగితే నింద యంత్రం మీద వేస్తున్నారు. చాలాచోట్ల నష్టం పిక్క బ్లేడు దగ్గరికి రాకముందే జరిగిపోతోంది.

మొదటి కారణం సైజు. చేత్తో కోసే మనిషి ప్రతి పిక్కకూ పట్టు మార్చుకుంటుంది. బ్లేడుకు ఆ తెలివి లేదు. సందు పెద్దదైతే చిన్న పిక్క కోత పడకుండానే జారిపోతుంది, చిన్నదైతే పెద్ద పిక్కలో పప్పు తెగుతుంది. కాబట్టి 18, 20, 22, 24 మిల్లీమీటర్ల జల్లెడలున్న గ్రేడర్ ముందు కొనాలి, కట్టర్ తర్వాత.

రెండోది ఉడకబెట్టడం. ఉద్దానం పిక్క, ఆఫ్రికా నుంచి దిగుమతైన పిక్క ఒకే పాకానికి రావు. తొక్క మందం, తేమ వేరు. రెండూ కలిపి బాయిలర్‌కు ఎక్కిస్తే ఒకటి పచ్చిగా మిగులుతుంది, ఇంకొకటి మరీ ఉడికి పప్పుకు నూనె మరక పడుతుంది. ఏ లాటుకు ఎంత ఆవిరి, ఎన్ని నిమిషాలు అన్నది ఈరోజుకీ మేస్త్రి చేతి అంచనాలోనే ఉంది. ఆయన సెలవు పెట్టిన రోజు సరుకు చెడుతుంది. లాటు నంబరు, ఒత్తిడి, సమయం బాయిలర్ పక్కన పలక మీద రాయించడం యజమాని చేయాల్సిన మొదటి పని. ఉడికిన పిక్కను నేల మీద పలచగా పరిచి కనీసం 12 గంటలు ఆరనివ్వాలి. ఆర్డరు తొందరలో వేడి మీదే కోస్తే పప్పు తొక్కను వదలదు, చిట్లిపోతుంది.

దీని లెక్క చిన్నది కాదు. 80 కిలోల బస్తాకు 21 కిలోల పప్పు వస్తుందనుకుందాం. గుండు 75 శాతం నుంచి 65కు పడిపోతే బస్తాకు 2.1 కిలోలు బద్దలోకి, ముక్కలోకి పోతాయి. ధరలో తేడా కిలోకు 100 రూపాయలే అనుకున్నా బస్తాకు 210, రోజుకు 20 బస్తాలు ఆడించే యూనిట్‌కు 4,200 రూపాయలు. సరుకు కొనేటప్పుడే కిలో పిక్కలు తూచి, కోసి, మంచి పప్పు ఎన్ని గ్రాములో చూడాలి. 272 గ్రాములుంటే బస్తాకు 21.76 కిలోలు, అంటే వ్యాపారులు చెప్పే 48 పౌండ్లు. ఈ పరీక్ష లేకుండా కొన్నవారికి తర్వాత నష్టం ఎక్కడ మొదలైందో కూడా తెలియదు.

పప్పును వేడితో ఎండబెట్టే బోర్మాలో కూడా ఇదే అశ్రద్ధ. అంచుల్లో ఉన్న ట్రేలను మధ్యలోకి మార్చకపోతే అక్కడి పప్పు ఎర్రబడుతుంది. తేమ ఎక్కువ మిగిలితే పప్పు మీది పలచని పొర ఊడదు, మరీ ఎండితే పప్పు విరుగుతుంది. పొర ఊడగొట్టే యంత్రానికి కంప్రెసర్ గాలి పొడిగా ఉండాలి. ఎయిర్ డ్రయ్యర్ దగ్గర డబ్బు మిగుల్చుకుంటే పప్పు తడిసి పొర మళ్లీ అంటుకుంటుంది.

ఇక నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది కూలి. పొర తీసే మహిళలకు చాలా చోట్ల కిలో లెక్కన ఇస్తున్నారు. పొర తీసే యంత్రం వచ్చాక సులువుగా ఊడేదంతా అదే ఊడగొడుతుంది, వాళ్ల ముందుకు వచ్చేది మొండి పొర ఉన్న పప్పే. రోజంతా కూర్చున్నా ముందు చేసినన్ని కిలోలు కావు. పాత రేటే ఉంచితే యంత్రం వచ్చిన నెలలోనే వాళ్ల ఆదాయం పడిపోతుంది. తొందరలో గోరుతో గీకితే పప్పు మీద గాట్లు పడి గ్రేడు కూడా పోతుంది. మొండి పొర పప్పుకు వేరే రేటు కట్టాలి, లేదా రోజుకూలికి మార్చాలి. ఆ మాట యంత్రం రాకముందే వాళ్లను కూర్చోబెట్టి చెప్పాలి. సరుకు నాణ్యత మీద కంటితో తీర్పు చెప్పగలిగేది వాళ్లే, గ్రేడింగ్ బల్ల దగ్గరికి మొదట వాళ్లనే తీసుకోవాలి.

సూక్ష్మ ఆహార శుద్ధి పరిశ్రమలకు 2020లో కేంద్రం తెచ్చిన పథకంలో ప్రాజెక్టు వ్యయం మీద 35 శాతం, 10 లక్షల రూపాయలకు మించకుండా రాయితీ పెట్టారు. ఇలాంటి రాయితీ రుణాలకు కటింగ్ యంత్రం కొటేషన్ ఒక్కటే పట్టుకుని వచ్చేవారిని బ్యాంకులు, పరిశ్రమల శాఖ అధికారులు మరికొన్ని ప్రశ్నలు అడగాలని మనవి. గ్రేడర్ ఉందా, బాయిలర్ సామర్థ్యం కట్టర్‌కు సరిపోతుందా, బోర్మాలో రోజుకు ఎన్ని కిలోలు ఎండుతుంది, మార్చి నుంచి మే వరకు స్థానిక పిక్క కొనడానికి నగదు ఎక్కడిది? వీటికి జవాబు రాసి ఇచ్చిన తర్వాతే మంజూరు చేయండి.

– జీడి శుద్ధి రంగంలో పనిచేస్తున్న పాఠకుడు,
కాశీబుగ్గ, శ్రీకాకుళం జిల్లా