ముత్యంపేట గేటు తెరిచే ముందు చెరుకు విత్తనం ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

మా జగిత్యాల జిల్లా మల్లాపూర్ మండలంలోని ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ గురించి రాస్తున్నాను. తెరిపిస్తామన్న మాట ప్రతి ఎన్నికలకూ వింటున్నాం. ఈసారైనా జరగాలని మనస్ఫూర్తిగా కోరుకునేవాళ్లలో నేనూ ఒకణ్ణి. కానీ ఒక అసలు సంగతి ఎవరూ మాట్లాడటం లేదు. గేటు తెరిచిన రోజున గానుగలో వేయడానికి చెరుకు ఎక్కడుంది?

జరిగిన కథ అందరికీ తెలిసిందే. మా ఫ్యాక్టరీ నిజాం షుగర్స్ కంపెనీది. అందులో 51 శాతం వాటాను 2002లో ప్రైవేటుకు ఇచ్చారు. 2015 డిసెంబరులో బోధన్, మెదక్ దగ్గరి మంబోజిపల్లి, మా ముత్యంపేట మూడూ ఒకేసారి మూతపడ్డాయి. 2019లో కంపెనీ లా ట్రిబ్యునల్ లిక్విడేషన్‌కు, అంటే ఆస్తులు అమ్మి అప్పులు తీర్చి కంపెనీని ఎత్తేయడానికి, ఆదేశించింది. 2024లో మంత్రి శ్రీధర్‌బాబు అధ్యక్షతన మళ్లీ తెరిపించే దారి చూడమని రాష్ట్ర ప్రభుత్వం కమిటీ వేసింది.

ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో క్రషింగ్ మొదలైతే మా రోడ్డు మీద చెరుకు బండ్లు తప్ప ఇంకేమీ కనపడేవి కావు. కాటా దగ్గర మన వంతు వచ్చేదాకా రాత్రంతా బండి కిందనే గోనె పరుచుకుని పడుకునేవాళ్లం. తెల్లారేసరికి గొంగడి మీద సన్నటి మసి పడి ఉండేది. కిరాణా కొట్టులో ఖాతా రాసేటప్పుడు "ఫ్యాక్టరీ పైసలు పడ్డంక ఇస్త" అంటే శేటు ఇంకో మాట అడిగేవాడు కాదు. టీ హోటల్, పంక్చర్ షాపు, వెల్డింగ్ షాపు అన్నీ ఆ ఒక్క నమ్మకం మీదనే నడిచేవి. ఇప్పుడు ఆ షాపుల్లో చాలా వరకు షట్టర్లు దించి ఉన్నాయి. వాటిని నడిపినవాళ్ల కొడుకులు దుబాయిలోనో మస్కట్‌లోనో ఉన్నారు.

కాగజ్‌నగర్‌లో సిర్పూర్ పేపర్ మిల్లు 2014లో మూతపడి 2018లో మళ్లీ నడిచింది కదా, ఇది ఎందుకు నడవదు అని కొందరంటారు. నడుస్తుంది. కాకపోతే కాగితానికి కావాల్సిన కర్రను దూరం నుంచి లారీల్లో తెచ్చుకుని యార్డులో నిల్వ పెట్టుకోవచ్చు. చెరుకుతో ఆ పని కుదరదు. కోసిన గడను ఒకటి రెండు రోజుల్లో ఆడించకపోతే బరువూ తగ్గుతుంది, తీపీ తగ్గుతుంది. ఇక్కడ మూతపడ్డాక మా చెరుకును దాదాపు వంద కిలోమీటర్లు, కామారెడ్డి వైపు మిల్లుకు తోలాల్సి వచ్చింది. కిరాయికి, ఎండిన బరువుకు పోగా మిగిలింది చూసుకుని ఒక్కొక్కరం చెరుకు మానేశాం. నా రెండెకరాల్లో ఇప్పుడు వరి ఉంది. కొనుగోలు కేంద్రంలో తేమ ఎక్కువుందని చెప్తే వానకు భయపడుతూ టార్పాలిన్ పట్టుకుని కూర్చునే టెన్షన్ ఏటా రెండుసార్లు తప్పడం లేదు.

చెరుకు ఒక్క రోజులో తిరిగి రాదు. ఎకరం తోటను విత్తనానికి కోస్తే ఎనిమిది, పది ఎకరాలకు సరిపోతుంది. అది ఎదగడానికి మళ్లీ ఏడాది. ఇవాళ విత్తన తోటలు మొదలుపెడితే రెండు మూడేళ్లకు గానీ మిల్లు నెలల తరబడి ఆడేంత చెరుకు చేతికి రాదు. మిల్లు తెరిస్తే వేస్తామని రైతులు, చెరుకుంటే తెరుస్తామని అధికారులు అనుకుంటూ కూర్చుంటే ఇంకో పదేళ్లు పోతాయి. ముందడుగు ప్రభుత్వమే వేయాలి. నిజామాబాద్ జిల్లా రుద్రూరులోని ప్రాంతీయ చెరకు, వరి పరిశోధన స్థానం ద్వారా ఒంటి కన్ను నారు (ఒకే మొగ్గ ఉన్న గడ ముక్కతో పెంచే మొక్కలు) పెంచి మా మండలాలకు సబ్సిడీ మీద ఇవ్వాలి. మిల్లు తెరిచేలోపు పండిన చెరుకుకు రవాణా ఖర్చు భరిస్తామని రాతపూర్వకంగా చెప్పాలి. కేంద్రం 2025-26కు టన్నుకు 3,550 రూపాయల ధర ప్రకటించింది. 14 రోజుల్లో డబ్బు చెల్లించాలని 1966 నాటి ఉత్తర్వే ఉంది. ఆ గడువుకు పూచీ ఉంటే చాలు, రైతు వెనక్కి వస్తాడు.

ఇంకొక మాట. ఫ్యాక్టరీ స్థలాన్ని ముక్కలు చేసి ప్లాట్లుగా అమ్మే ఆలోచన ఎవరికైనా ఉంటే దయచేసి మానుకోండి. చెరుకు వచ్చేదాకా ఆ స్థలం ఖాళీగా ఉండాల్సిన పని లేదు. మెట్‌పల్లి, కోరుట్ల చుట్టూ పసుపు పండుతుంది. దాన్ని ఉడకబెట్టి ఆరబోయడానికి జాగా లేక మా ఆడవాళ్లు రోడ్ల పక్కన పడుతున్న అవస్థ చూస్తున్నదే. పసుపు బోర్డు కేంద్ర కార్యాలయం నిజామాబాద్‌లోనే ఉంది. ఆ యార్డులో ఆరబెట్టే కల్లాలు, పాలిష్ యంత్రాలు, ఒక గోదాము పెట్టిస్తే ఈ ఏడే కొందరికి పని దొరుకుతుంది.

ఇథనాల్ కూడా తీస్తే మిల్లుకు ఏడాది పొడవునా పని ఉంటుందని అంటున్నారు. ఉండొచ్చు. అయితే నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో 2024లో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని జనం ఎందుకు రోడ్డెక్కారో మరిచిపోవద్దు. వ్యర్థ జలాలు ఎటు పోతాయి, ఎలా శుద్ధి చేస్తారు అన్నది ముందే గ్రామసభలో చెప్పి ఒప్పించాలి.

చెరుకు నాట్లకు జనవరి, ఫిబ్రవరి మంచి అదును. అప్పటికి నారు అందితే నా రెండెకరాల్లో వరి మాని చెరుకు పెట్టడానికి నేను సిద్ధం. మా వాడకట్టులో ఇంకో ఆరుగురు అదే మాట అన్నారు. వ్యవసాయ అధికారి రాసుకోవడానికి వస్తే సర్వే నంబర్లతో సహా పేర్లిస్తాం.

– ఒక పాత చెరుకు రైతు,
మల్లాపూర్ మండలం, జగిత్యాల జిల్లా