పక్కనున్న గ్యాస్ ప్లాంటు మీ వ్యాసకర్తకి కనపడలేదా?

ఎడిటర్ గారికి నమస్కారం అండీ.

పోయిన వారం ముందు ఆదివారం మీ పేపర్లో వచ్చిన వ్యాసం గురించి రాస్తున్నా. అప్పుడే రాద్దామనుకున్నా గానీ ఇంట్లో పెళ్లి పనుల్లో పడి కుదర్లేదు, నిన్న పాత పేపర్లు కట్టగడుతుంటే మళ్లీ కంటపడింది, మళ్లీ ఒళ్లు మండింది, అందుకే కూర్చుని రాస్తున్నా.

కాలం చెల్లిన బొగ్గు యూనిట్లు మూసేసి ఆ జాగాలోనే గ్యాస్ ప్లాంటు కట్టేస్తే సరిపోతుందని రాశారు ఆ సారు. ఉదాహరణకి మా వీటీపీఎస్‌నే, అంటే విజయవాడ థర్మల్ పవర్ స్టేషన్ అనే బొగ్గు కరెంటు ప్లాంటునే పట్టుకున్నారు. (ఇప్పుడు దాని పేరు నార్ల తాతారావు థర్మల్ పవర్ స్టేషన్ అని మాకూ తెలుసు, ఆయన కరెంటు బోర్డు ఛైర్మన్‌గా చేసిన పెద్దాయన, గౌరవమే, కానీ ఇబ్రహీంపట్నంలో ఆటో ఎక్కి ఆ పేరంతా చెప్తే డ్రైవరు మొహం చూస్తాడు.) పాత యూనిట్లు మూయాలి అన్నమాట మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. మొదటి యూనిట్ 1979లో మొదలైంది. అప్పుడు పుట్టినోళ్ల పిల్లలు ఇప్పుడు ఇంజనీరింగ్ చదువుతున్నారు, అది మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది.

కానీ గ్యాస్ ప్లాంటు కట్టాలి అంటారేంటండీ? ఆ సారు ఎప్పుడైనా ఇటు వచ్చారా? మా రింగ్ సెంటర్లో దిగి కొండపల్లి ఐడీఏకి, అంటే ఫ్యాక్టరీలుండే చోటికి, ఆటో ఎక్కితే చాలు, అక్కడ ఆల్రెడీ గ్యాస్ ప్లాంటు ఉంది. 2000లో మొదటిది, 2010లో రెండోది, ఆ తర్వాత మూడోది, మొత్తం కలిపితే 1400 మెగావాట్ల పైమాటే. మా వీటీపీఎస్‌లో పాత యూనిట్లు ఆరు, ఒక్కోటి 210, మొత్తం 1260. అంటే పాత ఆరూ మూసేసినా సరిపోయేంత గ్యాస్ ప్లాంటు కూతవేటు దూరంలోనే కట్టి పెట్టుకున్నాం, గ్యాస్ లేక ఏళ్లకేళ్లు మూలనపడేశాం. ఇంత పెద్ద వ్యాసంలో ఈ ముక్క ఒక్క లైను కూడా లేదు. ఆయన చెప్పిన కొత్తదానికి గ్యాస్ ఎక్కణ్ణుంచి వస్తుందో కూడా లేదు. పొయ్యి ఉంది, గిన్నె ఉంది, బియ్యం లేవురా అని ఏడుస్తుంటే ఇంకో పొయ్యి కొనండి అని సలహా ఇచ్చినట్టుంది.

గ్యాస్ కథ తెలియనోళ్ల కోసం చెప్తా, మా తరానికైతే నోటికొచ్చు. 2002లో కృష్ణా గోదావరి బేసిన్‌లో సముద్రం అడుగున గ్యాస్ పడిందన్నారు. ఇంకేముంది, ఆంధ్రా దశ తిరిగిందన్నారు. 2009 ఏప్రిల్‌లో అక్కడి డీ6 అనే రిలయన్స్ వాళ్ల బ్లాకు నుంచి గ్యాస్ వచ్చింది, మరుసటి ఏడాదికి రోజుకి 6 కోట్ల ఘనపు మీటర్ల దాకా తీశారు, 8 కోట్లకి వెళ్తుందని లెక్కలేశారు. ఆ లెక్కలు నమ్ముకుని రాజమండ్రి చుట్టుపక్కల, సామర్లకోటలో, మా కొండపల్లిలో పోటీలు పడి ప్లాంట్లు కట్టారు, బ్యాంకులు పిలిచి మరీ అప్పులిచ్చాయి. ఆ తర్వాత గ్యాస్ పడిపోయింది. 2013 మార్చి వచ్చేసరికి డీ6 నుంచి కరెంటు ప్లాంట్లకి సరఫరా సున్నా. సామర్లకోటలో కట్టిందైతే సరిగ్గా తిరగనే లేదు, దాని మెషిన్లు కొన్ని ఓడెక్కి బంగ్లాదేశ్ వెళ్లాయి, అక్కడ కరెంటు చేయడానికి బిగించుకున్నారు. మన ఊరి కోసం కొన్న సామాను పక్క దేశానికి పోయిందంటే నవ్వాలో ఏడవాలో మీరే చెప్పండి.

పోనీ ఇప్పుడు గ్యాస్ లేదా అంటే ఉంది. 2020 చివర్లో లోతు సముద్రంలోంచి మళ్లీ మొదలైంది. కానీ ముందు వరసలో ఎరువుల ఫ్యాక్టరీలు, సిటీ గ్యాస్ (ఇళ్లకి, బండ్లకి ఇచ్చేది) ఉంటాయి, కరెంటు ప్లాంటు దగ్గరికొచ్చేసరికి మిగిలేది వాసనే, ఆ రేటుకి మనం కొననూ లేం. కాకినాడ నుంచి గుజరాత్‌లో భరూచ్ దాకా పైపులైను మాత్రం బ్రహ్మాండంగా వేశారు. మన తీరంలో తీసిన గ్యాస్ మన కళ్ల ముందే వెళ్తుంది, పేలితే మాత్రం మన కోనసీమలోనే పేలుతుంది. 1995లో పాశర్లపూడిలో బ్లోఅవుట్ అయి, అంటే గ్యాస్ బావి అదుపు తప్పి ఎగదన్ని, రెండు నెలల పైన మండింది. 2014 జూన్‌లో నగరం అనే ఊళ్లో గ్యాస్ పైపులైను పేలి 20 మందికి పైగా కాలిపోయారు. ఆ మంటలు చూసినోళ్లకి గ్యాస్ అంటే శుభ్రమైన ఇంధనం అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఎలా ఉంటుందో ఆ సారు ఆలోచించారా?

విదేశాల నుంచి ఓడల్లో తెచ్చుకోవచ్చుగా అంటారు. తెచ్చుకోవచ్చు. కాకినాడలో ఓడల నుంచి గ్యాస్ దించుకోడానికి సముద్రంలో తేలే టెర్మినల్ అన్నారు, గంగవరంలో అన్నారు, ఎన్ని ప్రభుత్వాలు మారాయో మీకే తెలుసు. తెచ్చినా ఆ గ్యాస్‌తో చేసిన కరెంటు రేటు బొగ్గు కరెంటు కన్నా బాగా ఎక్కువ పడుతుంది, 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రేట్లు ఎలా ఎగిరాయో చూశాం. అది చివరికి ఎవరి బిల్లులో పడుతుంది? ఇప్పటికే బిల్లులో సర్దుబాటు చార్జీ, ట్రూఅప్ అని ఎప్పుడో వాడిన కరెంటుకి ఇప్పుడు కట్టిస్తున్నారు. అద్దెకున్నోడు వాడి వెళ్లిపోయాడు, ఆ బాకీ కొత్తగా వచ్చినోడు కట్టాలి. ఇదేం లెక్కో అర్థం కాక నేను ఒక ఆఫీసుకెళ్లి అడిగితే "ఆన్‌లైన్‌లో ఉంటుంది సార్, చూసుకోండి" అన్నారు. ఆన్‌లైన్‌లో చూస్తే ఇంగ్లీషులో రెండొందల పేజీల ఆర్డరు. నేను డిగ్రీ చదివినోణ్ణే అండీ, పదో పేజీ దాటలేకపోయా.

నేను గ్యాస్‌కి వ్యతిరేకం అనుకునేరు. కాదు. బొగ్గు సంగతి మాకు చెప్పక్కర్లేదు, మన దేశం బొగ్గు వంద కిలోలు కాలిస్తే ముప్పై అయిదు, నలభై కిలోలు బూడిదే. ఆ బూడిద టిప్పర్ల మీద పైన పట్టా సగం కప్పి సగం ఎగరేసుకుంటూ పోతారు, వెనక బండి మీద వెళ్లేవాడి కళ్లల్లో కొడుతుంది, మా కిరాణా కొట్లో పప్పు డబ్బాల మూతల మీద రోజుకి రెండుసార్లు తుడవాలి. ఒకప్పుడు బూడిద పట్టుకెళ్తే చాలనుకునేవాళ్లు, ఇప్పుడు దాన్ని ఎవరు ఎత్తుకెళ్లాలి అనేదాని మీద నాయకులు కొట్టుకుంటున్నారు. కొండపల్లి అంటే తెల్ల పొణికి కర్రతో చేసిన బొమ్మలు గుర్తుకు రావాలి, ఇప్పుడు ఫోన్లో చుట్టాలు అడిగేది "మీకు బూడిద తగ్గిందా" అని.

గ్యాస్ ప్లాంటులో ఆ బూడిద గోల ఉండదు, ముందు గ్యాస్ టర్బైన్ తిప్పి ఆ వేడితోనే ఆవిరి చేసి ఇంకో టర్బైన్ తిప్పుతారు కాబట్టి ఇంధనం కూడా ఆదా, కార్బన్ సగానికి సగం తగ్గుతుంది. పైగా సాయంత్రం సోలార్ పడుకున్నాక జనం ఏసీలు వేసే టైముకి బొగ్గు ప్లాంటు కన్నా గ్యాస్ ప్లాంటు చాలా త్వరగా లేస్తుంది. ఆ నాలుగైదు గంటలకైనా కొండపల్లి ప్లాంటుకి గ్యాస్ ఇప్పించండి, అది అడిగే ఎంపీ ఒక్కడున్నాడా? కొత్త ప్లాంటంటే శంకుస్థాపన ఉంటుంది, శిలాఫలకం మీద పేరుంటుంది, పాతదానికి గ్యాస్ తెస్తే ఎవడి పేరు చెక్కుతారు?

ఇంకో సంగతి. 2023లో ఇక్కడే 800 మెగావాట్ల ఎనిమిదో యూనిట్ వచ్చింది, హమ్మయ్య ఇక ముసలివి ఆపుతారేమో అనుకున్నాం. అదే ఏడాది జనవరిలో ఢిల్లీ నుంచి చెప్పారు, 2030 దాకా బొగ్గు యూనిట్లు ఏవీ రిటైర్ చేయొద్దని. గంధకం పొగకి మెషిన్లు పెట్టాలని 2015లో రూల్ పెట్టారు, 2017 కల్లా అన్నారు, తర్వాత గడువు మీద గడువు ఇచ్చుకుంటూ వచ్చి 2025లో చాలా ప్లాంట్లకి అసలు అక్కర్లేదు పొమ్మన్నారు. స్కూల్లో హోమ్‌వర్క్ పదేళ్లు వాయిదా వేస్తే టీచరే మాఫీ చేసినట్టు. పాల్వంచలో కొత్తగూడెం పాత ప్లాంటు కూలింగ్ టవర్లు 2024 ఆగస్టులో పేల్చి కూల్చేశారు, టీవీలో చూసి మా ఊళ్లో కూడా చప్పట్లు కొట్టారు, కానీ దాని బదులు కట్టింది కూడా 800 మెగావాట్ల బొగ్గు యూనిటే అని ఎంతమందికి తెలుసు? మీ వ్యాసకర్త లండన్‌లో అలా చేశారు, అమెరికాలో ఇలా చేశారు అని రాసేముందు పాల్వంచ ఒకసారి చూసి ఉండాల్సింది.

ఈసారి ఇలాంటి వ్యాసం వేసేటప్పుడు మీ విలేకరిని ఒకర్ని ఇటు పంపించండి, విజయవాడ నుంచి గంట కూడా పట్టదు, టీ నేను తాగిస్తా. ఉత్తరం పొడుగైందని కోసేస్తారని నాకు తెలుసు, ట్రూఅప్ గోల కోసేసుకోండి, బొమ్మల ముక్క కోసేసుకోండి, కొండపల్లి 1400, వీటీపీఎస్ పాతవి 1260 అన్న లైను మాత్రం ఉంచండి.

- ఒక కిరాణా కొట్టు ఓనరు, ఇబ్రహీంపట్నం