మీ మెనూలోంచి తీసేసిన గజం గురించి ఐదో ఉత్తరం

కస్టమర్ సపోర్ట్ విభాగాధిపతి గారికి,

అయ్యా,

ఒకే సంగతి మీద నేను మీకు రాస్తున్న ఐదో ఉత్తరం ఇది. ముందు నాలుగింటికీ జవాబులు వచ్చాయి. కానీ నేను రాసింది చదివి ఇచ్చిన జవాబు వాటిలో ఒక్కటీ లేదు. నా కోపమంతా అక్కడే. మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో తప్పులు దొర్లుతాయని నాకు తెలుసు. పదకొండేళ్లుగా మీదే వాడుతున్నాను, చాలా వాటికి సర్దుకున్నాను.

నేను కోనసీమలో ప్రైవేటు సర్వేయర్ని. ఇక్కడి పాత కాలువల సర్వే పాయింట్లు నా దగ్గర గజాల్లో ఉన్నాయి. మన దేశానికి వేసిన లాంబర్ట్ గ్రిడ్ అనే పాత మ్యాపు గళ్ల లెక్కలో, మూడో జోన్‌లో 80 డిగ్రీల రేఖాంశానికి 30 లక్షల గజాలని విలువ ఇచ్చి, అక్కడి నుంచి లెక్క కట్టారు. అది ఇండియన్ గజం. ఇప్పటి 0.9144 మీటర్ల గజం కంటే వెంట్రుకవాసి తక్కువ. ఒక్క గజంలో ఆ తేడా కంటికి ఆనదు, మా పాయింట్ల అంకెలు 32 లక్షల గజాల దాకా ఉంటాయి కాబట్టి మొత్తం మీద ఐదు మీటర్లకు దగ్గరగా వస్తుంది. పాత వెర్షన్‌లో ఆ యూనిట్ ఉండేది. కొత్త అప్‌డేట్ దాన్ని తీసేసి, నా ఫైళ్లను మామూలు గజంతో తెరిచింది. ఒక్క హెచ్చరిక కూడా చూపలేదు. పొలంలో హద్దురాయి దగ్గర రోవర్ (ఉపగ్రహాలతో చోటు చూపే పరికరం) నిలబెట్టి చూస్తే, మ్యాపులో ఆ రాయి పక్కవాళ్ల కొబ్బరితోటలో ఉంది. వంద మీటర్ల గట్టు వెంట అంత జరిగితే పన్నెండు సెంట్లు. మా దగ్గర అన్నదమ్ములు కోర్టుకెక్కడానికి అందులో సగం చాలు.

ఇక మీ వాళ్ల సంగతి. మొదటి అమ్మాయి స్క్రీన్‌షాట్ అడిగింది, పంపాను. మూడు రోజులాగి మళ్లీ అదే అడిగింది, మళ్లీ పంపాను. రెండో ఆయన సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ ఎక్కించమన్నాడు. పూట పోయింది, గజం రాలేదు. మూడో ఆయన యూటీఎం అనే మీటర్ల గ్రిడ్‌లో 44వ జోన్ ఎంచుకోమని రాశాడు. అంకెలను మార్చకుండా పైన పేరు మారిస్తే ఏమవుతుందో ఆయనొకసారి చేసి చూడాల్సింది. నేను చేసి చూశాను. మా కాలువ మలేసియా పక్కన సముద్రంలో పడింది. ఆ బొమ్మ కూడా పంపాను. ఆ సాయంత్రమే "మీ సమస్య పరిష్కారమైంది" అని టికెట్ మూసేశారు.

మళ్లీ తెరిపిస్తే నాలుగో మనిషి వచ్చాడు. కథంతా మొదటి నుంచి చెప్పించుకున్నాడు. లింకుల యూనిట్ కూడా కనబడటం లేదన్నాను. మా ఎఫ్‌ఎంబీలు, అంటే పొలాల కొలతల పుస్తకాలు, లింకుల్లోనే ఉంటాయి, గొలుసుకు వంద లింకులు, వెయ్యి చదరపు లింకులైతే సెంటు అని చెప్పాను. "సెంటు అంటే కరెన్సీయా సార్?" అని అడిగాడు. తెలియకపోవడం తప్పని నేననను. విడమర్చి చెప్పాక రాసుకోవాలి కదా! రాసుకోలేదు. ఆ మర్నాడు ఫోన్ చేసినామె "మీటర్లు, అడుగులు ఉన్నాయి కదా సార్, ఇంకేం కావాలి?" అంది. హైదరాబాద్ డీలర్‌ని అడిగితే అది కంపెనీ చూడాలన్నాడు. కంపెనీని అడిగితే డీలర్‌ని కలవమన్నారు. ఇలా ఏడు వారాలు గడిచాయి.

మా నాన్న సర్వేశాఖలో చైన్‌మన్‌గా గొలుసు లాగుతూ రిటైరయ్యాడు. లింకు తేడా వస్తే మళ్లీ మొదటి రాయి దగ్గర నుంచి లాగేవాడు. ఆయన దగ్గర నేర్చుకున్న పనిని నేను మీ సాఫ్ట్‌వేర్‌కు అప్పగించాను. మా వైపు కొత్తగా లైసెన్సు తెచ్చుకున్న కుర్రాళ్లకు నేనే దాన్ని నేర్పాను, వాళ్లలో ఆరుగురు మీకు చందా కడుతున్నారు. నా మాట మీద కొన్నారు వాళ్లు. ఇప్పుడు వాళ్లకు నేనేం చెప్పాలి?

ఇండియన్ గజం, ఇండియన్ అడుగు, లింకు మళ్లీ మెనూలోకి రావాలి. ఫైలులో ఉన్న యూనిట్ తెలియకపోతే ఆగి అడగాలి తప్ప, తనకు తోచింది పెట్టుకోకూడదు. ఈలోగా పాత వెర్షన్ ఇన్‌స్టాలర్ పంపండి. అంతకంటే ముందు, గ్రిడ్ అంటే తెలిసిన మనిషి ఒకరు నాకు ఫోన్ చేయాలి, ఈ మెయిళ్లన్నీ చదివి చేయాలి.

పదిహేను రోజులు చూస్తాను. తర్వాత 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయిస్తాను, జిల్లా వినియోగదారుల కమిషన్‌కూ వెళతాను. ఈ ఏడు వారాల్లో నేను మళ్లీ కొలిచిన పొలాల కూలీ లెక్క కూడా అందులో ఉంటుంది. ఆ ఆరుగురి చందాలు మార్చిలో ముగుస్తాయి. అప్పుడు వాళ్లు నన్నే అడుగుతారు.

ఇట్లు,
పదకొండేళ్ల మీ చందాదారు,
లైసెన్సుడు సర్వేయరు, కోనసీమ