మాది కక్ష కాదు

సంపాదకులకు నమస్కారం.

మొన్న మీ జిల్లా పేజీలో 'పాతకక్షలతో నిమ్మచెట్ల నరికివేత' అని నాలుగు లైన్ల వార్త వేశారు. ఆ చెట్లు మావే. పొదలకూరు మండలంలో రెండెకరాల తోట మాది. వార్తలో రెండు తప్పులున్నాయి.

చెట్లను ఎవరూ నరకలేదు. 14 చెట్లకు మోకాలెత్తులో, నాలుగు వేళ్ల వెడల్పున, చుట్టూ బెరడు వొలిచారు. కత్తి ఎక్కడా కట్టెలోకి దిగలేదు, అంత ఓపిగ్గా చేశారు. కనబడకుండా పైన మట్టి మెత్తారు. ఆకు తయారుచేసే తిండి బెరడులో నుంచే వేరుకు దిగాలి. ఆ దారి తెగిన చెట్టు వెంటనే చావదు. సత్తువంతా పైనే నిలిచిపోయి ముందు విరగబూస్తుంది. మావీ అట్లాగే పూశాయి. గెనిమ మీద పోయేవాళ్లు 'ఈ ఏడు నీ పంట పండిందమ్మా' అన్నారు. నేనూ మురిసిపోయి ఇంకో బస్తా ఎరువు తెప్పించాను. ఆకు పండుబారి, పిందె రాలాక గానీ మట్టి గీకి చూడలేదు. ఆ మాట అన్నవాళ్లలో ఈ పని చేసినవాడూ ఉన్నాడేమో అనిపించిన రోజు అన్నం సయించలేదు.

ఇక కక్ష. దానికి ఇద్దరుండాలి కదా! మాకు గట్టు తగాదా లేదు, నీళ్ల పేచీ లేదు, ఎలక్షన్లలో ఏజెంటుగా కూర్చున్నదీ లేదు. కాయలు కోసుకుపోతే దొంగ అనుకుందును. వాడికి నాలుగు డబ్బులైనా దక్కేవి. ఇక్కడ మాకు పోయింది గానీ ఎవరికీ వచ్చింది లేదు. దీన్ని ఓర్వలేనితనం అంటాం మేము.

చట్టం కూడా లాభం సంగతి అడగదట. భారతీయ న్యాయ సంహిత 324వ సెక్షన్ ప్రకారం నష్టం చేయాలన్న ఉద్దేశం ఉంటే చాలు, నష్టం లక్ష దాటితే ఐదేళ్ల దాకా జైలు పడొచ్చని లాయరు చెప్పారు. ఇంగ్లీషులో ఆ నేరం పేరు మిస్చీఫ్ అట. మా మనవడు గోడ మీద గీతలు గీస్తే వాళ్ల టీచరు అనే మాట కూడా అదే!

మీరు కక్ష అని అచ్చేసిన దగ్గర్నుంచి ఊళ్లో 'ఇంతకీ మీరేం చేశారమ్మా వాళ్లని?' అని నన్నే అడుగుతున్నారు. దయచేసి సవరణ వేయండి. నా పేరు మాత్రం వేయొద్దు. మిగతా చెట్లు ఇంకా అక్కడే ఉన్నాయి.

- ఒక నిమ్మ రైతు, పొదలకూరు మండలం, నెల్లూరు జిల్లా