మెటగామా ఓడ ఎక్కి వెళ్ళిన పెదనాన్న దొరికాడు

పోయిన ఆదివారం మా అత్తగారు కళ్ళజోడు తుడుచుకుని, నా ఫోను చేతిలోకి తీసుకుని, ఒక సమాధి రాయి ఫొటోని వేళ్ళతో పెద్దది చేసి చాలాసేపు చూశారు. రాయి మీద ఒక పేరు, పుట్టిన ఏడాది, పోయిన ఏడాది, కింద ‘లూయిస్, స్కాట్లండ్’ అని ఉంది. ‘‘నాన్న చూసి ఉంటే బావుండేది’’ అన్నారు. తర్వాత టీ పెట్టడానికి లేచారు. ఆవిడకి 84 ఏళ్ళు. వాళ్ళ పెదనాన్న ఎక్కడ పోయాడో, ఎలా పోయాడో ఆ ఇంట్లో 90 ఏళ్ళకి పైగా ఎవరికీ తెలీదు.

ఎనిమిది నెలల కిందట ఇక్కడే అడిగాను, ‘కెనడాలో, డెట్రాయిట్ వైపు ఎవరైనా ఉన్నారా, ఒక పాత మనిషి ఆచూకీ కావాలి’ అని. అడిగానే గానీ పెద్దగా ఆశ పెట్టుకోలేదు. ఎవరికీ చుట్టం కాని, గేలిక్ (స్కాట్లండ్ పాత భాష) మాట్లాడే ఒక ముసలాయన కోసం సెలవు రోజున ఎవరు తిరుగుతారులే అనుకున్నాను. తిరిగారు. పేర్లు రాయొద్దన్నారు కాబట్టి డెట్రాయిట్ అన్నయ్య, టొరంటో చెల్లి అనే రాస్తాను. పెదనాన్న పేరు కూడా రాయను, ఆయన మనవలు వద్దన్నారు. రాసినా లాభం లేదనుకోండి, ఆ పేరూ ఇంటిపేరూ ఉన్నవాళ్ళు లూయిస్ ద్వీపంలో ఏ ఊళ్ళో చూసినా ఉంటారు.

మా పెళ్ళయి గ్లాస్గో వచ్చాక చాలా ఏళ్ళ వరకూ నాకు లూయిస్ అంటే అత్తగారి పుట్టిల్లు అని మాత్రమే తెలుసు. స్కాట్లండ్‌కి వాయవ్యంగా ఉంటుంది. చెట్లు తక్కువ, గాలి ఎక్కువ. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి ప్రాణాలతో బయటపడి ఇళ్ళకి వస్తున్న నావికుల ఓడ ‘అయొలేర్’ 1919 జనవరి 1 తెల్లవారుజామున ఆ ద్వీపంలోని స్టోర్నోవే రేవు దగ్గరే రాళ్ళకి కొట్టుకుని మునిగిపోయింది. 201 మంది పోయారు. పండగకి కొడుకు వస్తున్నాడని ఇంట్లో పొయ్యి ఆర్పకుండా కూర్చున్న తల్లులకి తెల్లారాక శవాలు వచ్చాయి. ఆ ద్వీపంలో చాలాకాలం ఆ సంగతి ఎవరూ నోరెత్తి మాట్లాడుకునేవారు కాదట. అత్తగారు కూడా నాకు రెండుసార్లే చెప్పారు, రెండోసారి నేను అడిగితే.

మిగిలిన కుర్రాళ్ళకి భూమి కావాలి. యుద్ధానికి వెళ్తే భూమి ఇస్తామన్న మాట ఉంది. కానీ ద్వీపం మొత్తాన్ని 1918లో లార్డ్ లెవర్‌హ్యూమ్ కొనేశాడు. మన ఇళ్ళల్లో బట్టలుతికిన సన్‌లైట్ సబ్బు ఉందే, ఆ కంపెనీ యజమానే. ఆయనకి చేపల వ్యాపారం పెద్ద ఎత్తున పెట్టాలని ఉంది, పెద్ద కమతాలని ముక్కలు చేసి పంచడం ఇష్టం లేదు. కుర్రాళ్ళు వెళ్ళి ఆ పొలాల్లో దిగారు, గొడవలయ్యాయి. 1923 వచ్చేసరికి ఆయన లూయిస్‌ని వదులుకున్నాడు, పనులు ఆగిపోయాయి. సరిగ్గా ఆ ఏడాదే, ఏప్రిల్ 21న, ‘మెటగామా’ అనే కెనడియన్ పసిఫిక్ వారి ఓడ స్టోర్నోవే నుంచి మూడు వందల మందిని ఎక్కించుకుని కెనడా బయల్దేరింది. చాలామంది ఇరవై ఏళ్ళకి అటూ ఇటూ ఉన్నవాళ్ళే, ఆడవాళ్ళు బహు కొద్దిమంది. అత్తగారి పెదనాన్నకి అప్పటికి 22. ఆవిడ నాన్నకి 18, రేవులో నిలబడి చెయ్యి ఊపాడట.

మొదట ఒంటారియోలో ఏదో పొలం నుంచి ఉత్తరాలు వచ్చాయి. తర్వాత డెట్రాయిట్ నుంచి. 1931లో ఆగిపోయాయి.

మా శ్రీకాకుళం వైపు వాళ్ళకి ఇది కొత్త కథ కాదు. ‘రంగం పోయాడు’ (బర్మాలోని రంగూన్‌కి) అంటే చాలు, ఇంక వివరం అడగరు. మా అమ్మమ్మ అన్న కూడా కళింగపట్నంలో ఓడెక్కి రంగం పోయాడు. 1942లో బర్మా నుంచి నడిచి వచ్చినవాళ్ళలో ఆయన లేడు. ఆయన్ని వెతకడానికి నా చేతిలో ఒక్క కాగితం ముక్క లేదు. అత్తగారి పెదనాన్న కోసం నేనంత మొండిగా కూర్చోడానికి అదే కారణమని మా ఆయన అంటాడు. అయి ఉండొచ్చు.

స్కాట్లండ్‌లో కాగితాలకి మాత్రం లోటు లేదు. 1855 నుంచి పుట్టుక, పెళ్ళి, చావు అన్నీ రిజిస్టర్ చేశారు. అంతకు ముందువి చర్చి పుస్తకాల్లో ఉన్నాయి. నాకు బాగా నచ్చింది ఏమిటంటే, ఒక మనిషి చావు నమోదులో అతని తల్లి పుట్టింటి ఇంటిపేరు కూడా రాస్తారు. పెళ్ళయినా ఆడదాని అసలు ఇంటిపేరు కాగితంలోంచి పోదు. మా నాయనమ్మ పుట్టింటివారెవరో తెలుసుకోడానికి నేను ముగ్గురు పెద్దమ్మల్ని అడగాల్సి వచ్చింది. ఎడిన్‌బరోలో జనరల్ రిజిస్టర్ హౌస్ గదిలో ఒక పూట కూర్చుంటే అత్తగారి వైపు నాలుగు తరాల ఆడవాళ్ళ పుట్టిళ్ళు దొరికాయి. అక్కడ నాకు పాత చేతిరాత చదివిపెట్టిన ఉద్యోగికి, ఆవిడకి తెలుగు రాదు గానీ, ఇక్కడే నమస్కారం.

1921 జనాభా లెక్కలు ఇక్కడ 2022 చివర్లో బయటపెట్టారు. అందులో పెదనాన్న ఇంట్లోనే ఉన్నాడు, తల్లీ తండ్రీ తమ్ముడితో. పక్కన ఒక గడిలో గేలిక్ వచ్చా, ఇంగ్లీషు కూడా వచ్చా అని రాసి ఉంది. అక్కడిదాకా బాగానే ఉంది. ఓడ ఎక్కాక మనిషి చెయ్యి జారిపోయాడు.

ఎందుకంటే మెటగామా జాబితాలో అదే పేరుతో ఇంకొకడున్నాడు. వయసులో ఏడాది తేడా. నేను ఆ రెండోవాడి వెనక మూడు నెలలు తిరిగాను, పాపం అతను మానిటోబాలో పెళ్ళి చేసుకుని గోధుమలు పండించుకుంటున్నాడు. డబ్బు కట్టించుకుని వంశవృక్షం గీసిచ్చిన ఒకచోట వాళ్ళు కూడా ఆ మానిటోబా ఆయన్నే మా చెట్టుకి కట్టారు. పేరెందుకు లెండి. ఆ చెట్టు నేను అత్తగారికి చూపించేశాను కూడా. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ తప్పు పట్టుకున్నది టొరంటో చెల్లి. ‘‘అక్కా, వయసుని నమ్మకు, తండ్రిని పట్టుకో’’ అంది. 1919 నుంచి 1924 వరకూ కెనడాలో దిగిన ప్రతి మనిషితోనూ విడిగా ఒక ఫారం నింపించారు, దాన్ని 30ఏ అంటారు. అంతకు ముందూ తర్వాతా ఒకే పెద్ద పట్టీలో వరసగా పేర్లు ఉంటాయి, ఈ అయిదారేళ్ళకి మాత్రం మనిషికో కాగితం. అందులో స్వదేశంలో నీకు దగ్గరి బంధువెవరు అనే ప్రశ్న ఉంది. అవి అక్షరక్రమంలో అరకొరగా సర్దిన మైక్రోఫిల్ము బొమ్మలు. ఆ పిల్ల చూసినచోట పేరు కొడితే వచ్చేవి కావు, ఒక్కొక్కటీ తిప్పుకుంటూ పోవాలి. ఆ పిల్ల పసిబిడ్డని పడుకోబెట్టి రాత్రిళ్ళు తిప్పింది. నాలుగో రాత్రి రెండు ఫారాలూ పక్కపక్కన పెట్టి పంపింది. ఒకదాంట్లో తండ్రిది లూయిస్‌లోనే లాక్స్ పారిష్‌లో, అంటే ఒక చర్చి కింది ఊళ్ళ గుంపులో, ఊరు. రెండోదాంట్లో నెస్, అత్తగారి పుట్టింటి వైపు.

నెస్ అని చూసి నేను ఎగిరి గంతేశాను, కానీ అక్కడా అనుమానమే. నెస్‌లో కూడా అదే పేరుతో తండ్రులు ముగ్గురున్నారు. ఇక్కడ కాగితం పని చెయ్యలేదు, మనిషి పని చేశాడు. ఆ ఊళ్ళో 1977 నుంచి ఒక చరిత్ర సంఘం ఉంది. అక్కడికి వచ్చే ఒక పెద్దాయనతో ఫోన్లో మాట్లాడించారు. లూయిస్‌లో ఇంటిపేరుతో మనిషిని గుర్తుపట్టడం కుదరదు కాబట్టి ఫలానా వాడి కొడుకు ఫలానా వాడి కొడుకు అని మూడు తరాలు కలిపి పిలుస్తారు, అచ్చం మన ప్రవర చెప్పినట్టు. లేదా మన ఊళ్ళో పొట్టి అప్పారావు, రేవు అప్పారావు ఉన్నట్టు మారుపేర్లు. కొంప ఉన్న చిన్న పొలం ముక్కకి, క్రాఫ్ట్ అంటారు దాన్ని, ఓ నంబరు ఉంటుంది. ఫారంలో ఆ నంబరుంది. నేను చదవగానే ఆ పెద్దాయన గేలిక్‌లో ఏదో గడగడా అన్నాడు. స్పీకర్లో వింటున్న అత్తగారు నోటి మీద చెయ్యి పెట్టుకున్నారు. వాళ్ళ తాతని ఊళ్ళో పిలిచే పేరట అది. పెళ్ళయి అరవై ఏళ్ళ కింద వదిలేసిన మాట.

ఇక డెట్రాయిట్ అన్నయ్య. కార్ల కంపెనీలో ఇంజినీరు, కాకినాడ మనిషి. ‘‘అమ్మా, ఆయన కూడా మా లైన్లోనే అన్నమాట’’ అన్నాడు మొదటి ఫోన్లోనే. మెటగామాలో వెళ్ళినవాళ్ళలో చాలామంది పొలాల్లో ఎంతోకాలం నిలవలేదు, నది దాటితే అమెరికాలో డెట్రాయిట్, అక్కడ ఫ్యాక్టరీ జీతం. అప్పటికి వంతెన కూడా లేదు, 1929లో కట్టారు. పడవలో దాటాలి. దాటినవాడికల్లా సరిహద్దులో ఒక కార్డు రాశారు. అన్నయ్య పెదనాన్న కార్డు పట్టుకున్నాడు, 1925. ఎత్తు, కళ్ళ రంగు, ఎడమచేతి మీద మచ్చ, మళ్ళీ నెస్‌లో తండ్రి పేరు.

తర్వాత శనివారాలు డెట్రాయిట్ పబ్లిక్ లైబ్రరీకి వెళ్ళి, అక్కడ బర్టన్ విభాగంలో పాత ఊరి డైరెక్టరీలు ఏడాదికొకటి తీసి చూశాడు. 1930లో ఒక వీధి. 1932లో లేడు. 1934లో లేడు. 1936లో ఇంకో వీధిలో, పక్కన భార్య పేరుతో ఉన్నాడు. ఆ మధ్య ఏళ్ళలో డెట్రాయిట్‌లో ఫ్యాక్టరీలు మనుషుల్ని ఇళ్ళకి పంపేశాయి. ఉత్తరాలు ఆగింది కూడా అప్పుడే. ‘‘ఇంటికి డబ్బు పంపలేకపోతే ఉత్తరం మటుకు ఏం రాస్తాడమ్మా’’ అన్నాడు అన్నయ్య. అలా అని ఎక్కడా రాసి లేదు. నాకు మటుకు నిజమే అనిపించింది.

పౌరసత్వం కోసం పెట్టుకున్న దరఖాస్తుకి ఫొటో అంటించి ఉంది. అత్తగారు మొదటిసారి ఆయన ముఖం చూడటం అదే. మా ఆయన చెవులు, అచ్చుగుద్దినట్టు.

సమాధి దొరికాక అక్కడి ఆఫీసువాళ్ళ ద్వారా అన్నయ్య కబురు పెడితే, మనవరాలు తనే ఫోన్ చేసింది. వాళ్ళింట్లో ఒక గేలిక్ బైబిల్ ఉందట, ఎవరికీ చదవడం రాదు గానీ పారెయ్యలేదు. ముందు పేజీలో అన్నదమ్ముల పేర్లూ పుట్టిన తేదీలూ సిరాతో ఉన్నాయి. తమ్ముడి పేరు దగ్గర, అంటే అత్తగారి నాన్న దగ్గర, కొలిచి కట్టినట్టు చక్కగా రాసిన ఇంకో చిరునామా ఉంది. గ్లాస్గోది. తమ్ముడు గ్లాస్గో వచ్చేశాడని ఆయనకి తెలుసన్నమాట. ఎవరు చెప్పారో, తెలిసీ ఎందుకు రాయలేదో మాకు అంతుబట్టలేదు. అత్తగారు దాని గురించి రెండు రోజులు మాట్లాడలేదు, మూడో రోజు మనవరాలికి ఫోన్ చేసి గంటన్నర మాట్లాడారు.

చెల్లీ, నీకు ఎలా చెప్పాలో తెలీడం లేదు. బిడ్డ మొదటి పుట్టినరోజుకి మా తరఫున ఒక పార్సెలు వస్తుంది, వద్దనకు. అన్నయ్యా, మంచులో సమాధుల మధ్య గంటసేపు వెతికి, రాయి మీద నాచు చేత్తో తుడిచి ఫొటో తీశావని నువ్వు చెప్పలేదు, ఫొటోలో నీ తడి గ్లవ్వు కనిపించి అడిగితే వదిన చెప్పింది. అక్కడ పువ్వులు కూడా పెట్టావట.

ఇంకో సంగతి. అత్తగారు నీకు స్వెట్టర్ అల్లడం మొదలుపెట్టారు. ఉన్ని లూయిస్ నుంచి తెప్పించారు. అమెరికాలో అన్నీ దొరుకుతాయండీ అంటే వినడం లేదు. ఛాతీ కొలత, చేతుల పొడుగు అంగుళాల్లో పంపించు, తొందరగా. వీపు భాగం అప్పుడే సగం అయిపోయింది.