సీటు కొన్నవాళ్లను మెరిట్ అడగరేం?

అయ్యా,

పది రోజుల కిందట మీ లేఖల శీర్షికలో ఒకాయన రిజర్వేషన్ల వల్ల డాక్టర్ చదువులో మెరిట్ చచ్చిపోతోందని రాశారు. ఇంట్లో పెళ్లి పనులుండి అప్పుడే జవాబు రాయలేకపోయాను గానీ కోపం మాత్రం ఇంకా చల్లారలేదు.

మన తెలంగాణలో ప్రైవేటు మెడికల్ కాలేజీల సీట్లలో సగమే కన్వీనర్ కోటా, అంటే నీట్ ప్రవేశ పరీక్ష ర్యాంకు, రిజర్వేషన్ల ప్రకారం తక్కువ ఫీజుకు ఇచ్చే సీట్లు. మిగతా సగం, మొత్తం సీట్లలో 35 శాతం బీ కేటగిరీ అనే మేనేజ్‌మెంట్ కోటా, 15 శాతం ఎన్నారై. కన్వీనర్ సీటుకు ఏడాదికి 60 వేలు, బీ కేటగిరీకి 10 లక్షలు దాటుతుంది, ఎన్నారై సీటుకు అంతకు రెట్టింపు దాకా గుంజుతారు. లక్షల్లో ర్యాంకు వచ్చినా డబ్బుంటే సీటు దొరుకుతుంది. ఆయనకు ఈ సగం ఎందుకు కనపడలేదు? 2023లో సీట్లు మిగిలిపోతున్నాయని డాక్టర్ల పీజీ ప్రవేశ పరీక్ష నీట్ పీజీ కటాఫ్‌ను అన్ని కేటగిరీలకూ సున్నా పర్సెంటైల్‌కు దించారు. అంటే పరీక్ష రాసిన ప్రతివాళ్లూ అర్హులే. అప్పుడు మెరిట్ గురించి ఇంత బాధ పడుతూ ఒక్క ఉత్తరమైనా నేను మీ పేపర్లో చూడలేదు. రిజర్వేషన్లు లేని కులాల పేదలకని 2019లో తెచ్చిన 10 శాతం ఈడబ్ల్యూఎస్ కోటాకు ఆదాయ పరిమితి ఏడాదికి 8 లక్షలు, దాని మీదా ఆయన ఒక్క మాట రాయలేదు.

నేను 31 ఏళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో లెక్కలు చెప్పాను. తండా నుంచి నాలుగు కిలోమీటర్లు నడిచి వచ్చే ఒక అమ్మాయి పత్తి ఏరే రోజుల్లో బడికి వచ్చేది కాదు, వచ్చినప్పుడు మాత్రం నేను బోర్డు మీద లెక్క పూర్తి చేసేలోపే జవాబు చెప్పేది. రెండేళ్లు ఆ బడికి ఫిజికల్ సైన్స్ టీచరే లేడు. అదే సమయంలో మా అబ్బాయికి ఇంట్లో టేబులు, రోజూ పేపరు, అడిగితే చెప్పడానికి నేను, మొదటిసారి ర్యాంకు రాకపోతే ఇంకో ఏడాది లాంగ్ టర్మ్ కోచింగ్. వాడు కష్టపడ్డాడు, కాదనను. కానీ ఆ మార్కులన్నీ వాడొక్కడి తెలివేనని తండ్రినైన నేనే అనను. పరీక్ష మార్కులొక్కటే ప్రతిభ కాదని 2022లో సుప్రీంకోర్టు నీట్ ఓబీసీ కోటా కేసులో చెప్పింది కూడా ఇదే.

పోనీ ఇచ్చిన రిజర్వేషనైనా సరిగ్గా అందుతోందా? కుల ధ్రువీకరణ పత్రానికి ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరగాలి, హాస్టల్లో వార్డెన్ ఉండడు, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఏళ్ల తరబడి రాదు. ఎన్ని ప్రభుత్వాలు మారినా ఇదే వరస.

ఆ అమ్మాయి నర్సింగ్ పూర్తి చేసింది. ప్రభుత్వం నుంచి ఫీజు రాలేదని కాలేజీ వాళ్లు సర్టిఫికెట్లు ఆపేశారు. ఉద్యోగంలో ఈ నెలాఖరులోగా ఒరిజినల్స్ చూపించాలట, మొన్న ఫోన్లో ఏడుస్తూ చెప్పింది. ముందు దీని మీద ఒక వార్త రాయండి.

— ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, మహబూబాబాద్ జిల్లా